తెలుపు చూసే మనిషి

బయటి లోకానికి తెలుపంటే ఒకటే. పాలు తెలుపు, గోడ తెలుపు, చొక్కా తెలుపు, అంతటితో సరి. రాతిపొడి మిల్లులో మాత్రం అలా చెబితే చెల్లదు. ఏ తెలుపు అని అడుగుతారు. పంటి తెలుపా, ఎముక తెలుపా, తడి సున్నం తెలుపా, ఆరిన సున్నం తెలుపా, ఉతికి ఉతికి నీలం తిరిగిన దుప్పటి తెలుపా? రంగుల కంపెనీ వాడికి ఒకటి కావాలి, పళ్లపొడి చేసేవాడికి ఇంకొకటి, పింగాణీ కప్పులు పోసేవాడికి మరొకటి. ఒకడి తెలుపు ఇంకొకడికి పంపితే లారీ వెళ్లిన దారినే వెనక్కి వస్తుంది, దాని వెంబడే తిట్లూ వస్తాయి.

ఈ తేడాలన్నీ కంటితో చూసి చెప్పే మనిషి ఆ మిల్లుకంతా ఒక్కతే. ఆమెను అందరూ తెలుపక్క అంటారు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు. మర గదికి ఎదురుగా ఆమెకో చిన్న గది, ఎండ నేరుగా పడని ఒక కిటికీ, కిటికీ కింద రాతిబల్ల. రాయి మరలో పడి పొడయి, జల్లెడ దాటి రాగానే ఒక పిడికెడు ఆమె బల్ల మీదికి వస్తుంది. గాజుపలకతో దాన్ని సాపు చేస్తుంది. పక్కన కంపెనీ వాళ్లు పంపిన నమూనా పొడి పోస్తుంది. రెండింటి మీదా చెరో నూనెచుక్క వేస్తుంది. పొడిగా ఉన్నంతసేపు కవలపిల్లల్లా కనిపించినవి, నూనె తగలగానే అసలు సంగతి బయటపెడతాయి. ఒకటి పసుపు తిరుగుతుంది, ఒకటి బూడిద తిరుగుతుంది. ఏమీ తిరగకపోతే తెలుపక్క తల ఎత్తి, "తెలుపే" అంటుంది. ఆ ఒక్క మాటతో లారీ కదులుతుంది.

ఏళ్ల తరబడి అదే మాట వింటూ వింటూ మిల్లు జనానికి అది నోటికి పట్టేసింది. వాళ్లలో వాళ్లకి మంచిదేదైనా తెలుపే. సినిమా ఎలా ఉందంటే తెల్లగా ఉంది అంటారు. పెళ్లిచూపులకి వెళ్లొచ్చినవాణ్ణి సంబంధం తెలుపేనా అని అడుగుతారు. టీ బాగా కుదిరితే, అది ఎంత ఎర్రగా ఉన్నా సరే, "అబ్బ, తెలుపు" అంటారు. చెడిందంటే మచ్చ, మరీ చెడితే నలుపు. కొత్తగా పనికి వచ్చినవాడు ఈ భాష వినగానే తెల్లమొహం వేసేవాడు. నెల తిరిగేసరికి వాడూ ఇంట్లో పెళ్లాంతో అదే మాట్లాడి తిట్లు తినేవాడు.

తెలుపక్కకి పెళ్లి కాలేదు. ఎవరైనా ఆ ఊసు ఎత్తితే నోటితోనే తరిమేసేది. తల్లి పోయేటప్పటికి తమ్ముడు ఇంకా లాగూ బొత్తాలు పెట్టుకోవడం రాని వయసు. వాణ్ణి ఎత్తుకు తిప్పింది, చదివించాలని చూసింది, వాడికి చదువబ్బలేదు. అప్పుడు మేనేజరు కాళ్లావేళ్లా పడి మర గదిలో పని ఇప్పించింది. వాడికి పెళ్లి చేసిందీ ఆమే. మరదలు ఇంట్లో కుట్టుమిషను తొక్కుతుంది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ముగ్గురూ మిల్లు గేటుకి నాలుగు సందుల ఇవతల రెండు గదుల ఇంట్లో ఉంటారు.

మర గదిలో పని అంటే పొద్దున నల్లగా వెళ్లి సాయంత్రం తెల్లగా రావడం. తమ్ముడు రోజూ ఇంటి గుమ్మం బయటే నిలబడి చొక్కా దులుపుకునేవాడు. కనుబొమలు, కనురెప్పలు, చెవుల మీది నూగు, అన్నీ తెలుపు. మరదలు చీపురుతో వీపు దులుపుతుంటే తెలుపక్క గుమ్మంలోంచి చూసి, వెధవకి అప్పుడే ముసలితనం వచ్చేసిందని ఆటపట్టించేది. వాడు నిజంగా ముసలివాడై నెరిసిన జుట్టుతో కూర్చుంటే చూడాలని ఆమెకు ఎంతో ఆశగా ఉండేది.

ఒక ఎండాకాలం ఆరోగ్యశాఖ వాళ్ల వ్యాను మిల్లు గేటు లోపలికి వచ్చి ఆగింది. అందరూ వరసగా చొక్కాలు విప్పి, పలకకి ఛాతీ ఆనించి, ఊపిరి బిగబట్టి ఎక్స్‌రేలు తీయించుకున్నారు. వారం తిరిగాక ఎవరి ఫిలిం వాళ్లకి కవరులో పెట్టి ఇచ్చారు. పెద్దాస్పత్రికి పట్టుకెళ్లి ఛాతీ డాక్టరుకి చూపించండి అని చెప్పి వ్యాను వాళ్లు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయారు. పెద్దాస్పత్రి ఎక్కడో రెండు బస్సులు మారితే వస్తుంది. వెళ్లినరోజు కూలి పోతుంది. ఒళ్లు బాగున్నవాడెవడు ఆ పని పెట్టుకుంటాడు?

మొదట కవరు పట్టుకొచ్చినవాణ్ణి అందరూ పొడుగు అని పిలుస్తారు. బస్తాలు లారీకి ఎక్కించే మనిషి, గుమ్మాలన్నీ వాడి నుదురు చూసినవే. తెలుపక్క బల్ల దగ్గరికి వచ్చి, "అక్కా, ఇంత చూసే కళ్లు నీవి. ఇది కూడా ఒకసారి చూసి పెట్టు, వెళ్లాలో అక్కర్లేదో" అని ఫిలిం చేతిలో పెట్టాడు. ఆమె వద్దనాల్సింది. నాకేం తెలుసురా, నేనేమన్నా డాక్టర్నా అనాల్సింది. కానీ తెలుపు చూడమని ఆమెను అడిగి కాదనిపించుకున్నవాడు అంతవరకూ లేడు. పైగా, నిజం చెప్పొద్దూ, ఆ అడగడం ఆమెకు నచ్చింది.

ఫిలింని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. పక్కటెముకలు తెలిశాయి. వాటి మధ్య, రెండు వైపులా, నల్లటి నలుపు. ఊపిరితిత్తులు ఉండేది అక్కడే కదా అనుకుంది. పొడుగు బీడీలు తెగ తాగుతాడు. ఆ పొగంతా ఇలా మసై కూర్చుందన్నమాట. మొహం గంభీరంగా పెట్టి, నలుపు బాగా ఉంది, ఆలస్యం చేయకుండా వెళ్లి చూపించుకోమంది. పొడుగు అంతటివాడూ బిక్కచచ్చిపోయాడు.

ఆ సాయంత్రానికి ఆమె గది ముందు వరస కట్టారు. ఆమె పొడి చూసినంత శ్రద్ధగా వాటిని చూసింది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి, పొడుగుది నమూనాగా పెట్టుకుని, దానికంటే నలుపా, దానికంటే తెలుపా అని తేల్చింది. నలుపు వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లని ఆస్పత్రికి పొమ్మంది. పదిమంది దాకా తెల్లటి ఫిలింలవాళ్లు తేలారు. వాళ్లలో ఎక్కువమంది మర గదివాళ్లు. సంచులు కుట్టేవాడిది ఛాతీ అంతా పిండి చల్లినట్టుంది. వాడికి నోటి దూల ఎక్కువ. లోపల కూడా సబ్బు పెట్టి కడుక్కున్నానక్కా అని ఇకిలించాడు. ఆమె కూడా నవ్వి, నీకేం ఢోకా లేదు, వెళ్లి సంచులు కుట్టుకో అంది.

ఆఖర్న తమ్ముడు వచ్చాడు. వాడి ఫిలిం ఎత్తేముందు ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది. ఎత్తాక ప్రాణం లేచొచ్చింది. అందరికంటే తెలుపు వాడిదే. ఎముక ఎక్కడ ఆగిందో, లోపలిది ఎక్కడ మొదలైందో తెలియనంత తెలుపు. కవరులో పెట్టి వాడి వీపు మీద ఒక్కటి చరిచి, "మల్లెపువ్వు రా నువ్వు" అంది.

అదే సమయానికి మేనేజరు కూడా అటు వచ్చాడు. ఏమిటీ సంత అని అడిగి, సంగతి తెలుసుకుని, సరదాగా తన ఫిలిం కూడా తెప్పించి ఆమె చేతికిచ్చాడు. ఏసీ గదిలో కూర్చునే మనిషిది చూస్తే కాటుక పూసినట్టుంది. తెలుపక్కకి నిజంగానే జాలేసింది. ఎలా చెప్పాలో తెలియక నసిగి, సార్, మీరు కూడా ఒకసారి చూపించుకుంటే మంచిది అంది. మేనేజరు ఫిలిం వైపు చూశాడు, బల్ల మీద విడిగా పెట్టిన తెల్ల ఫిలింల వైపు చూశాడు. "అలాగేనమ్మా, చూపించుకుంటాను" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. నలుపు వచ్చినవాళ్లు సెలవడిగితే ఒక్కమాట అనకుండా ఇచ్చాడు. అంత మంచితనం ఆయనలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఆస్పత్రికి వెళ్లినవాళ్లంతా నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఒక్కరికీ ఏమీ లేదన్నారట, ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయన్నారట. పొడుగు ఆ సంతోషంలో అందరికీ టీ పోయించాడు. ఇంకొకరయితే ఇక్కడ కాస్త ఆగి ఆలోచించేవారు. తెలుపక్క కూడా ఆలోచించింది, కానీ అటునుంచి కాదు. అంత నల్లగా ఉన్నవాళ్లకే ఏమీ లేనప్పుడు, తెల్లగా ఉన్నవాళ్లకి ఇక దిగులేముంది అనుకుంది. ఆమె లెక్కలో తప్పు లేదు. మొదటి మెట్టు ఒక్కటే తప్పు.

వానాకాలం వచ్చేసరికి తమ్ముడికి దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు, కఫం లేదు, జ్వరం లేదు. మర గదిలో దగ్గనివాడెవడు అని వాడే కొట్టిపారేశాడు. మరదలు మాత్రం రెండు వారాలు చూసి, మిషను ఆపి, పెద్దాస్పత్రికి తీసుకెళ్తానంది. తెలుపక్క ఊరుకోలేదు. అందరి ముందూ చూసి తేల్చిన ఫిలిం, దాన్ని నమ్మకపోవడమంటే ఆమె కంటిని నమ్మకపోవడమే. ఆ రోజు ఆడవాళ్లిద్దరికీ మాటామాటా పెరిగింది.

"ఒక్కసారి చూపిస్తే పోయేదేముంది వదినా?" అంది మరదలు.

"చూపించినవాళ్లకి ఏం ఒరిగింది? ఉత్తపుణ్యానికి కూలి పోగొట్టుకుని వచ్చారు. వాడి ఫిలిం నీకంటే నాకు బాగా తెలుసు."

మరదలు మొగుడి వైపు చూసింది. వాడు అక్క వైపు చూశాడు. చిన్నప్పటినుంచీ వాడికి అది అలవాటు. ఆస్పత్రి మాట అక్కడితో ఆగిపోయింది. మరదలు మిరియాలు కాచి ఇవ్వడం మొదలుపెట్టింది.

చలికాలంలో వాడు గుమ్మం బయట చొక్కా దులుపుకుంటూ కూలబడ్డాడు. అప్పటికే సైకిలు తొక్కడం మానేసి నెట్టుకుంటూ వస్తున్నాడు. మెడ కింద ఎముకల మధ్య గుంటలు పడ్డాయి. మరదలు ఈసారి ఎవరినీ అడగలేదు. బీరువా మీదినుంచి ఆ పాత ఫిలిం తీసి సంచిలో పెట్టుకుని, వాడికి స్వెట్టరు తొడిగి, బయల్దేరదీసింది. తెలుపక్క చెప్పులేసుకుని వెనకాలే నడిచింది.

పెద్దాస్పత్రిలో ఛాతీ డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. కొత్తగా తీసిన ఫిలింనీ మరదలు తెచ్చిన పాతదాన్నీ గోడకున్న లైటుపెట్టె మీద పక్కపక్కన తగిలించింది.  తర్వాత పాతదాని మీద వేలు పెట్టి, ఇది తీసినప్పుడు ఎందుకు రాలేదు అని అడిగింది.  తెలుపక్కే ఉండబట్టలేక, "తెల్లగానే ఉంది కదమ్మా" అంది.

డాక్టరుకి ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం తెచ్చుకోలేదు, అదే తెలుపక్కకి భరించరానిది అయింది. నెమ్మదిగా, వేలితో చూపిస్తూ చెప్పింది. "దీంట్లో గాలి నల్లగా కనిపిస్తుందమ్మా. నల్లగా ఉంటే బాగున్నట్టు. ఈ తెల్లగా ఉన్నదంతా రాతిపొడి పేరుకున్న చోటు. ఇక్కడికి గాలి వెళ్లదు." దీనికి మందు లేదనీ, అప్పుడే మర గది మానేసి ఉంటే ఇంకా చాలా ఏళ్లు నెట్టుకొచ్చేవాడనీ, ఇప్పుడు చేయగలిగింది కొంచెమేననీ కూడా చెప్పింది.

తెలుపక్క లైటుపెట్టె వైపు చూస్తూ ఉండిపోయింది. ఎన్ని వేల పిడికిళ్ల పొడి చూసిన కళ్లు! ఇప్పుడు వాటికి వేరే దారి లేక అదే తెలుపు కనిపిస్తోంది. తమ్ముడి గుండెల్లో ఉన్నది ఏ కంపెనీకి వెళ్లే తెలుపో కూడా ఆమె చెప్పగలదు.  తన చేతులతో పెంచినవాణ్ణి తన కళ్లతోనే చంపుకుంది. ఆ మాట ఆమెకు అప్పుడే, అక్కడే, అంత స్పష్టంగా తోచింది. మరదలు ఆమె వైపు తిరిగి చూడను కూడా లేదు.

తిరుగు బస్సులో తమ్ముడు కిటికీ పక్కన కూర్చున్నాడు. కాసేపయ్యాక అక్క చెయ్యి తడుముకుని పట్టుకుని, పోనీలే అక్కా, మిల్లు మొత్తం మీద ఫస్టు క్వాలిటీ నాదేనన్నమాట అన్నాడు. ముందు సీట్లో మరదలి భుజాలు కదలడం కనిపించింది. తెలుపక్కకి ఏడుపు రాలేదు. వాడు తిట్టి ఉంటే వచ్చేదేమో.

మర్నాడు ఆమె బల్ల దగ్గరికి వెళ్లలేదు, నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లింది. తెల్ల ఫిలింలు వచ్చిన తక్కినవాళ్లని కూడా వెంటనే ఆస్పత్రికి పంపాలంది. వాళ్లని మర గదిలోంచి తీసేయాలంది. మేనేజరు ఆమెను కూర్చోమన్నాడు. తమ్ముడి సంగతి విని చాలా బాధపడ్డానన్నాడు. ఇంత పెద్ద లోడు ఉన్నప్పుడు జనాన్ని బెదరగొట్టడం మంచిది కాదనీ, నెమ్మది మీద చూద్దామనీ అన్నాడు. ఆ గొంతులో తడబాటు లేదు. అప్పుడు ఆమెకు ఆ ఎండాకాలం సాయంత్రం ఆయన నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఆయన తన నల్ల ఫిలిం చూపించుకోవడానికి ఎక్కడికీ వెళ్లలేదు. వెళ్లాల్సిన పని లేదని ఆయనకి ముందే తెలుసు.

"మీకు తెలుసు," అంది తెలుపక్క. "ఆ రోజు నేను తప్పు చూస్తున్నానని మీకు తెలిసే నవ్వారు."

మేనేజరు కలం మూత పెట్టాడు. "నీకు జీతం ఇచ్చేది పొడి చూడమని. ఫిలింలు చూడమని నేను చెప్పానా?"

 దుర్మార్గుడి నోటినుంచి వచ్చినా అది నిజం. ఆయన చెప్పలేదు. ఆమె అంతట ఆమే చూసింది. లేచి బయటికి వచ్చేసింది.

షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడి అందరినీ ఆపింది. జీవితంలో మొదటిసారి, తాను తెలుపన్నది తెలుపు కాదని పదిమంది ఎదుటా చెప్పింది. నేను తప్పు చూశాను, తెల్లగా ఉన్నవాళ్లకే జబ్బు, ఇవాళే పని మానేసి ఆస్పత్రికి పొండి అంది. ఒక్కడు కదల్లేదు. జాలిగా చూశారు. తమ్ముడికి అలా అయ్యేసరికి పాపం మతి చలించిందన్నారు. ఫిలిం బాగుందని నువ్వే కదక్కా నవ్వావు అన్నాడొకడు. సంచులు కుట్టేవాడు గుండె మీద దబదబ చరుచుకుని, చూడు, డోలులా మోగుతోంది అన్నాడు. ఆమె ఎంత గొంతు చించుకుంటే వాళ్లకి అంత అనుమానం పెరిగింది. ఇన్నేళ్లూ ఒక్క మాటకే లారీలు కదిలాయి. ఇప్పుడు వంద మాటలకి మనిషి కదలడం లేదు.

ఇంటికి వచ్చి, మంచం పక్కన కూలబడి, జరిగింది తమ్ముడికి చెప్పింది. వాళ్లు నమ్మాలంటే కంటికి కనిపించాలి, నిన్ను చూస్తే నమ్ముతారు అనే మాట ఆమె నోటివరకూ వచ్చింది. దాన్ని మింగేసింది. కానీ మరదలు వంటగదిలోంచే పసిగట్టింది. ఆస్పత్రినుంచి వచ్చాక ఆమె వదినతో మాట్లాడటం అదే మొదలు.

"ఈయన్ని తీసుకెళ్లి గేటు ముందు నిలబెడతావా? నీ నోటి మాట చెల్లడం లేదని ఈయన ఒళ్లు చూపించుకొస్తావా?"

తెలుపక్క తల వంచుకుంది. కాదని అనలేకపోయింది. మంచం మీదినుంచి తమ్ముడు చొక్కా అందుకున్నాడు.

గేటుకి నాలుగు సందులు. ఒకప్పుడు వాడు సైకిలు మీద ఈల ఒకటి మొదలుపెడితే అది అయ్యేలోపు చేరుకునేవాడు. ఆ రోజు సందు చివర మంగలి షాపు మెట్టు మీద ఒకసారి కూర్చున్నాడు. కరెంటు స్తంభాన్ని పట్టుకుని ఒకసారి నిలబడ్డాడు. పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపాడు. ఫిలిం కవరు చంకలో ఉంది. వాడి వెనక అక్క, అక్కకి నాలుగడుగులు ఎడంగా మరదలు. వీధిలో జనం పనులు ఆపి చూస్తున్నారు. మొన్నటిదాకా వీధి క్రికెట్‌లో బంతి వేసినవాడు వీడేనా అని ఎవరో అనడం వినిపించింది.

గేటు దగ్గర సాయంత్రం షిఫ్టు వాళ్లు లోపలికి వెళ్లబోతున్నారు. వాణ్ణి చూసి ఆగిపోయారు. వాళ్లలో చాలామంది వాణ్ణి ఒంటి మీద పొడి లేకుండా చూసి చాన్నాళ్లయింది. మనిషి సగమయ్యాడు. పెదాలు నీలం తిరిగాయి. ఊపిరి కోసం భుజాలు పైకి లేచి పడుతున్నాయి, ఆ చప్పుడు మర చప్పుడులోంచి కూడా వినిపిస్తోంది. వాడు ఫిలిం బయటికి తీసి, పొద్దువాలే ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. చెయ్యి నిలవకపోతే పొడుగు వచ్చి ఆ చెయ్యి కింద తన చెయ్యి పెట్టాడు.

"అందరికంటే..." అన్నాడు తమ్ముడు. ఆగాడు. మళ్లీ గాలి కూడగట్టుకున్నాడు. "అందరికంటే తెలుపు నాదే."

 జల్లెడ దగ్గర పనిచేసే పెద్దాయన ముందుగా తలపాగా విప్పి, దులిపి, భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు. మేనేజరు బయటికి వచ్చి ఏమిటిదని అరిచాడు, లోపలికి రానివాడు రేపటినుంచి రానక్కర్లేదన్నాడు. అయినా ఒకరి తర్వాత ఒకరు తిరిగారు. తెల్ల ఫిలింలవాళ్లలో ముగ్గురు మాత్రం తలలు దించుకుని గేటు దాటి లోపలికే పోయారు. సంచులు కుట్టేవాడు వాళ్లలో ఉన్నాడు. ఇంట్లో చంటిపిల్ల ఉందక్కా అన్నాడు పోతూపోతూ, ఆమె మొహం చూడకుండా.

తిరిగి నడిచే ఓపిక తమ్ముడికి లేదు. పొడుగు వాణ్ణి వీపున వేసుకుని తెచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. బస్తాలు మోసి మోసి బరువులు తెలిసిన మనిషి, ఇందులో ఏమీ లేదక్కా అని మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. మరదలు దుప్పటి కప్పి, మొగుడి నుదుటి చెమట తుడిచి, అప్పుడు వదిన వైపు తిరిగింది.

"ఇప్పటికి కళ్లు చల్లబడ్డాయా?" అంది.

ఇంకా ముగ్గురు లోపలికే వెళ్లారు అంది తెలుపక్క.  మరదలు అది విని ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. చెంగు నోట్లో కుక్కుకుని గోడ పక్కన కూర్చుంది. తెలుపక్క లేచి వెళ్లి పక్కన కూర్చుంటే జరగలేదు కూడా. ఇద్దరూ వాడి ఊపిరి చప్పుడు వింటూ అలా ఉండిపోయారు.

వాడు ఆ వారం దాటలేదు. ఒక మధ్యాహ్నం మరదలు పట్టిన జావ రెండు చెంచాలు తాగి, మూడోది వద్దని తల తిప్పి, అలాగే ఉండిపోయాడు.

పాడె మోయడానికి మిల్లువాళ్లు వచ్చారు. గేటు ముందు వెనక్కి తిరిగినవాళ్లలో సగంమంది ఆ రోజు ఆస్పత్రి వరసలో ఉన్నారు, అందుకని మనుషులు తక్కువయ్యారు. ముందువైపు పొడుగూ జల్లెడ పెద్దాయన కొడుకూ పట్టారు. వెనకవైపుకి ఎవరూ లేకపోతే, మిల్లులోంచి పొడి పట్టిన ఒంటితోనే పరుగెత్తుకొచ్చిన ఇద్దరు భుజం పెట్టారు. లోపలికి వెళ్లిన ముగ్గురిలో ఇద్దరు వాళ్లు. తెలుపక్క, మరదలు వెనకే నడిచారు.

ఏం బరువుందని? కానీ సందులు దాటి, రోడ్డెక్కి, వంతెన ఎక్కుడు దగ్గరికి వచ్చేసరికి వెనకవైపు కుంగింది. సంచులు కుట్టేవాడు ఆగిపోయాడు. ఒక్క నిమిషం దించండి అన్నాడు. దించాక మోకాళ్ల మీద చేతులానించి వంగి నిలబడ్డాడు. నోరు తెరుచుకుని ఉంది. భుజాలు లేచి పడుతున్నాయి. పక్కనున్నవాడు వాడి వీపు రాస్తూ తనూ దగ్గాడు. అందరూ ఆగి, ఎటో చూస్తూ నిలబడ్డారు.

తెలుపక్క వాడి దగ్గరికి వెళ్లింది. చెమటకి వాడి మొహం మీది పొడి చారికలు కట్టింది. కాసేపటికి వాడు తల ఎత్తి ఆమెను చూశాడు. వాడి కళ్లలో ఎప్పటి వెటకారం లేదు.

"అక్కా," అన్నాడు, "ఆస్పత్రికి పొద్దున బస్సు ఎన్నింటికి?"